ఊపిరి తీసుకున్న చోటు

మార్చి 4, 2001

గౌరవనీయులైన ప్రొడ్యూసర్ గారికి,

మీ చెల్లెలు రాస్తున్న ఉత్తరం. పదకొండేళ్ల తర్వాత రాస్తున్నాను కాబట్టి నేనెవరో కూడా చెప్పాలేమో. మీ తర్వాత మూడేళ్లకు అదే అమ్మకు పుట్టినదాన్ని.

నిన్న నేను పనిలో ఉండగా ఒకాయన వచ్చాడు. నా పనేమిటో మీకు గుర్తుండకపోవచ్చు. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆయన అద్దం మీద వేలితో తట్టి, టికెట్ల కిటికీ దగ్గర వంగినట్టు వంగి, "మీరు లావుతీగ గారి చెల్లెలా?" అని గట్టిగా అడిగాడు. నా ముందు మైకు ఆన్‌లో ఉంది. తొమ్మిదో ప్లాట్‌ఫారం దాకా వినిపించింది. బేస్ గిటారు వాయిస్తావని బ్యాండువాళ్లు నీకు, క్షమించాలి, మీకు, ఆ పేరు పెట్టారని డ్రైవర్లకేం తెలుసు? సాయంత్రం దాకా నన్ను "సన్నతీగా" అని పిలిచి పళ్లికిలించారు.

మీ మీద పుస్తకం రాస్తున్నాడట. ఆడమనిషి అయ్యుండి డిస్కో పాటలకు బేస్ వాయించడమేమిటి, రికార్డులు తియ్యడమేమిటి అని ఆయన తెగ ఇదైపోతున్నాడు. మీరు నా గురించి చెప్పిన ఒకే ఒక్క మాట చదివి వినిపించాడు. "నా చెల్లెలు కూడా చిన్నప్పుడు కాస్త పాడేది."

కాస్త! తొమ్మిదో ఏట నుంచి నాన్న బ్యాండులో ప్రతి శనివారం నిలబడి మూడేసి గంటలు పాడాను. నాకు మైకు అందక నాన్న దాని ముందు పీట వేసేవాడు. అది మీ కొలతలో కాస్త. ఒళ్లు మండిపోయింది.

ఆ పుస్తకాలాయన రెండు వారాల తర్వాత ఆదివారం పూట మళ్లీ వస్తాడు. అన్నీ చెప్తాను. ముందుగా తెలియజేసి మరీ చెప్తున్నాను. మీలాగా వెనక నుంచి పని కానివ్వడం నాకు చేతకాదు.

ఇట్లు,
కాస్త పాడేది

*

మార్చి 11

చెల్లీ,

"మీరు" అని రాస్తే నాకెక్కడో కాలుతుందనుకున్నట్టున్నావు. కాలలేదు. నా గౌన్లు దొంగతనంగా వేసుకుని చంకల దగ్గర చింపి మళ్లీ బీరువాలో పెట్టే రోజుల్లో ఈ మర్యాదంతా ఎక్కడ దాచావు?

పుస్తకాలాయన్ని నేను పిలవలేదు. తనే వచ్చాడు. వారానికి రెండుసార్లు వచ్చి, ఎప్పుడు పుట్టారు, ఎందుకు వాయించారు అని అడుగుతాడు. ఎందుకు వాయించానా? నాన్న బ్యాండులో బేస్ వాయించేవాడు చెప్పాపెట్టకుండా మానేశాడు కాబట్టి. ఇంట్లో నేనే పొడుగు కాబట్టి. ఆ బరువు నా భుజానికి తగిలించి, "కింద స్వరం రెండుసార్లు, పై స్వరం ఒకసారి, పాట అయ్యేదాకా ఆపకు" అన్నాడు నాన్న. నేర్పింది అంతే. బొబ్బలెక్కిన వేళ్లతో అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాను. నువ్వేమో ముందు నిలబడి చప్పట్లన్నీ నీకే అనుకున్నావు.

నాన్న పోయాక నేను ఒక్కదాన్నే ఈ ఊరొచ్చి నలభై ఒక్క రికార్డుల్లో వాయించాను. ఒక్క అట్ట మీదా నా పేరు లేదు. డిస్కో అంటే అద్దాల బంతి, మెరుపు చొక్కా అనుకుంటారు జనం. అసలది కూలిపని. నిమిషానికి నూట ఇరవై దెబ్బలు, ఒకటి ముందూ ఒకటి వెనకా కాకుండా, ఏడు నిమిషాలు. నా బేస్ ఎవరూ వినరు. నేను ఆపితే మాత్రం నాట్యం చేసేవాళ్ల కాళ్లు ఆగిపోతాయి. ఆ చదువు నేనెవరి దగ్గరా అడుక్కోలేదు.

ఇక నీకూ నాకూ మధ్య ఉన్న సంగతి. నేను నా చేత్తో తయారుచేసిన మొదటి రికార్డు అమ్మకు పంపితే, విప్పనైనా విప్పకుండా వెనక్కి కొట్టిన ఇల్లు మీది. అమ్మ అలా చేసిన తర్వాత ఆ గడప తొక్కాలని నాకనిపించలేదు. అమ్మ పోయిన రోజున వచ్చాను, నువ్వు నాతో మాట్లాడలేదు. సరే.

పుస్తకాలాయనకి నీ కడుపుమంటంతా చెప్పుకో. ఒక్కటి మాత్రం వద్దు. "వెలుతురు ఆరనీయకు" పాట జోలికి పోకు. ఎందుకని అడక్కు. పోకు అంతే.

అక్క

*

మార్చి 19

అక్కా,

"మీరు" మానేస్తున్నాను. గౌరవం దండగ.

ఆ పాట జోలికి పోవద్దా? ఆదివారం ఆయన కూర్చోగానే ముందు దాని జోలికే పోయాను! నీకెందుకు భయమో నాకు తెలుసు. నన్ను ఎలా చెరిపేశావో లోకానికి తెలిసిపోతుందని.

మొత్తం చెప్పాను. పెద్ద గాయని, మీరంతా మహారాణి అని పిలిచే ఆవిడ, ఇంకా ఊళ్లో దిగలేదు. వాయిద్యాల వాళ్లకి దారి చూపించడానికి ఎవరో ఒకరు ట్రాక్ పాడాలి. ఆవిడ వచ్చాక దాని మీద ఆవిడ పాడుతుంది. "నువ్వు రా, నువ్వైతే నాకు సులువు" అని రాశావు. వచ్చాను. గోడలకి దుప్పట్లు కొట్టిన ఆ ఇరుకు గదిలో మూడు రోజులు పాడాను. నీ రెండు చేతులకీ గిటారు పని కాబట్టి నేను కూర్చున్న కుర్చీ కాలిని నీ చెప్పుతో తంతూ తాళం వేశావు. ఆ దెబ్బలు నా వెన్నులోకి ఎక్కేవి. మూడో రోజు సాయంత్రం నేను పాడి ముగించగానే టేపు నడిపే ఆయన, అసలు ఎవరితోనూ మాట్లాడని మనిషి, లేచి నిలబడ్డాడు. నువ్వు నీ తీగలు తుడుచుకుంటూ తల వంచుకున్నావు. ఆవిడ కాదు, నేనే పాడతానేమోనని ఆ ఒక్క పూట నాకు ఆశ పుట్టింది. తప్పా?

పొద్దున్న నీ కారు డ్రైవరు వచ్చాడు. "నీ పాట అక్కర్లేదంట, చెరిపేశారంట, బండెక్కు, బస్సు దగ్గర దింపేస్తా" అన్నాడు. నువ్వు బయటికైనా రాలేదు.

ఆ తర్వాత నేను పాడలేదక్కా. నా కూతురికి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు, దానికి జోల కూడా పాడలేదు. బస్టాండులో చేరినప్పుడు మా సూపర్వైజరు, "గొంతు ఎగరకూడదు, దిగకూడదు, తాళ్ల మీద ఆరేసినట్టు సమంగా ఉండాలి" అన్నాడు. నేర్చుకున్నాను. నాకన్నా సమంగా చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

ఇక నీ మహారాణి సంగతి. పెళ్లిళ్లలో, కొట్లలో, స్కేటింగ్ హాల్లో ఎక్కడ చూసినా అదే పాట. మొదటి ముక్క వినపడగానే లేచిపోతాను. పుస్తకాలాయనతో ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ గొంతు తలుపు సందులో తోక పడ్డ పిల్లి గొంతని. పీలగా, పిల్లతనంగా, ఏడుపుకీ నవ్వుకీ మధ్య ఎక్కడో కీచుమంటూ. దానికోసం నన్ను పారేశావు. ఆయన అన్నీ రాసుకున్నాడు.

అమ్మ ఊసు ఎత్తకు. నీకా హక్కు లేదు.

చెరిపేసిన చెల్లెలు

*

మార్చి 27

చెల్లీ,

చేశావన్నమాట. చెప్పిన పని తప్ప ఇంకేదైనా చేస్తావు నువ్వు. పుస్తకాలాయన నిన్న నా దగ్గరికొచ్చి, మొహం ఇంత చేసుకుని, "మీ చెల్లెలి గొంతు ఏమైంది?" అని అడిగాడు.

ఆయనకి చెప్పిందే నీకూ చెప్తున్నాను. ఆ టేపు మీద పదహారు వరసలు. డోలుకి నాలుగు, నాకు ఒకటి, పియానోకి రెండు, అలా నిండిపోతాయి. పదిహేనుమంది వయొలిన్ల వాళ్లు వచ్చి కూర్చుంటే చోటెక్కడిది? ట్రాక్ పాడిన గొంతునే తీసేస్తారు. అందరూ చేసే పనే. టేపాయన నా ఎదురుగానే చెరిపాడు. ఇందులో కుట్ర లేదు, నువ్వు ఏడవాల్సిందీ లేదు. స్టూడియోలో ఎవరూ ఎవరికీ చుట్టాలు కారు.

అంత గొప్పగా పాడానని నువ్వనుకుంటున్నావు. నేను చెప్పనా ఎలా పాడావో? రెండో చరణంలో "వెలుతురు" అన్న మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని రెండు ముక్కలు చేశావు. "వెలు" అని ఆగి, గుటకేసినట్టు ఊపిరి తీసుకుని, అప్పుడు "తురు". మాట మధ్యలో ఊపిరేమిటని ఎన్నిసార్లు కుర్చీ తన్నాను! ఆ ఎక్కిలి ఇప్పటికీ నా చెవిలో ఉంది. చేయి తిరిగిన గాయనులు అలాంటి పనులు చెయ్యరు. మహారాణి నీకు పిల్లిలా వినిపిస్తే డాక్టరుకి చెవులు చూపించుకో.

నీకింకో మాట. ఆ పాట తర్వాత రెండు వేసవులే నడిచింది డిస్కో. మూడో వేసవికి కొట్లవాళ్లు పెట్టెలకు పెట్టెలు వెనక్కి పంపారు. మెరుపు చొక్కాలు తుడుపు గుడ్డలైపోయాయి. అప్పటిదాకా నా కోసం కుర్చీ లాగినవాళ్లు నన్ను చూసి రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్లు. పళ్లపొడి ప్రకటనలకి, బిస్కెట్ల ప్రకటనలకి ముప్ఫై సెకన్ల పాటలు చేసి బతికాను. మళ్లీ నలుగురి రికార్డులు నా చేతికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇన్నాళ్లకి ఎవరో ఒకడు పుస్తకం రాస్తానంటే, నా సొంత చెల్లెలు దాంట్లో దుమ్ము పోస్తోంది. సంతోషం.

అక్క

*

ఏప్రిల్ 8

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

నీ "చేయి తిరిగిన గాయనులు" అన్న ముక్క నన్ను నిద్రపోనివ్వలేదు. మహారాణి ఎక్కడో ఒకచోట తప్పు పాడే ఉంటుంది, అది పట్టుకుని నీ మొహాన కొట్టాలనుకున్నాను. దానికి ఆ పాట మొదట్నుంచి చివరిదాకా వినాలి. ఇరవై మూడేళ్లలో నేను చెయ్యని పని. సెలవు పెట్టి మధ్యాహ్నం పూట స్కేటింగ్ హాలుకి వెళ్లాను. అప్పుడక్కడ ఎవరూ ఉండరు. హాలు ముసలాయన పాత రికార్డులన్నీ దాచుకున్నాడు. బల్ల మీద మిషను, దానికో చిన్న మీట. పిల్లలు జారుతుంటే అవసరాన్ని బట్టి పాట వేగం పెంచడానికీ తగ్గించడానికీ.

పెట్టాడు. పిల్లలు స్కేట్లు విప్పుకునే బెంచీ మీద నేను కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రెండో చరణం వచ్చింది. "వెలు", ఊపిరి, "తురు".

మొదట నవ్వొచ్చింది. నీ మహారాణికీ అదే రోగమా అనుకున్నాను. మళ్లీ వచ్చింది. అదే చోట, అదే గుటక. మూడోసారికి నా గొంతు దానంతట అదే కదిలింది, ఆ ఊపిరి నేను తీసుకున్నాను, రికార్డుతో పాటు. "కాస్త మెల్లగా తిప్పండి" అన్నాను. ఆయన మీట కిందికి జరిపాడు. గొంతు లావెక్కింది. వయసొచ్చింది. ఇంకాస్త జరిపాడు. నేను.

అది నేను. అక్కా, అది నేను.

బెంచీ మీద కూర్చుని పెద్దగా ఏడ్చాను. ముసలాయన భయపడి నీళ్లు తెచ్చాడు. ఇరవై మూడేళ్లు ఎవర్ని తిట్టాను? ఎవర్ని పిల్లి అన్నాను? పెళ్లిళ్లలో ఆ గొంతు వినపడితే కంచం దగ్గర నుంచి లేచిపోయాను. జనం నా పాటకి నాట్యం చేస్తుంటే నేను బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. నా కూతురికి ఆ పాట ఇష్టమని దాన్ని తిట్టాను. అది ఏడేళ్ల పిల్ల అప్పుడు. వాళ్లమ్మ గొంతని తెలియకుండానే ఇష్టపడింది, నేను చెంప పగలగొట్టాను.

డబ్బు కావాలా, పేరు కావాలా అని మాట మార్చకు. ఒక్క ప్రశ్న. నా గొంతు బాగుందనే కదా ఉంచావు? మరి అక్కర్లేదని డ్రైవరు చేత ఎందుకు చెప్పించావు?

సంతకం అక్కర్లేదనుకుంటాను.

*

ఏప్రిల్ 15

చెల్లీ,

పట్టుకున్నావు. ఆ ఊపిరి సంగతి నేనే నీ చేతిలో పెట్టాను. ముందు నన్ను నేను తిట్టుకున్నాను, తర్వాత ఎందుకో తేలికపడ్డాను.

చెప్తాను విను. జాలి కోసం కాదు, నువ్వు జాలిపడవని తెలుసు. మహారాణి వచ్చింది, రొంపతో వచ్చింది. రెండు రోజులు పాడింది. ఒక్క ముక్క కూడా శ్రుతిలో లేదు. అట్టలు అప్పటికే అచ్చయిపోయాయి, ఆవిడ బొమ్మతో, ఆవిడ పేరుతో. కంపెనీ పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "ఆ ట్రాక్ పాడిన పిల్లదే ఉంచు. పేరు మాత్రం ఈవిడదే. నోరు విప్పావంటే ఈ రికార్డు ఇంకొకడు ముగిస్తాడు" అన్నాడు. ఆడదానికి రికార్డు తీసే పని ఇవ్వడం వాళ్లకదే మొదలు, ఇవ్వకపోవడానికి సాకు కోసం చూస్తున్నారు. నలభై ఒక్క రికార్డుల తర్వాత నా పేరు మొదటిసారి అట్ట వెనక వస్తోంది. నేను ఒప్పుకున్నాను.

నీకు నిజం చెబితే పది నిమిషాల్లో వీధి వీధికీ తెలిసిపోతుంది. నీ కడుపులో మాట దాగదు. అందుకని డ్రైవరు చేత చెప్పించాను. మొహం మీద చెప్పడానికి నాకు ధైర్యం లేకపోయింది. నీ గొంతు ఎవరూ పోల్చుకోకూడదని పాట మొత్తం వేగం పెంచి టేపు చేశాం. నీ గొంతుతో పాటు నా బేస్ కూడా సన్నబడింది. నా లావు తీగల్ని నేనే పురికొసల్లా చేసుకున్నాను. బాగా వాయించిన ఒకే ఒక్క పాట అది.

కానీ అసలు చెప్పలేదని మాత్రం అనకు. ఏడాది తిరిగాక చెప్పాను. అమ్మకు పంపిన రికార్డు అట్టలో ఉత్తరం పెట్టాను. "ఇందులో పాడింది చెల్లి. దానికి వినిపించు. నన్ను తిట్టమను, కానీ పాడటం మానొద్దను" అని రాశాను. అమ్మ విప్పలేదు. "తీసుకోవడం లేదు" అని రాసి పంపింది. నా మొహం చూడటం అమ్మకిష్టం లేదని అర్థమైంది. ఇక ఎవరికి చెప్పను?

ఇప్పుడు కంపెనీ ఆ రికార్డు మళ్లీ వేస్తోంది. నీ పేరు వెయ్యమని సోమవారం వెళ్లి చెప్పాను. మహారాణి పోయి నాలుగేళ్లయింది, ఆవిడ కొడుకు ససేమిరా అంటున్నాడు. పదహారు వరసల అసలు టేపు స్టూడియో మూసేసినప్పుడు పోయింది, టేపాయన కూడా లేడు. నా మాట ఒక్కటే సాక్ష్యం, చెల్లెలి కోసం అబద్ధమాడుతున్నానంటున్నారు. ముగ్గురు సంగీతం తెలిసినవాళ్లని కూర్చోబెడతారట. నువ్వు వచ్చి వాళ్ల ముందు ఆ పాట పాడాలి. మే 11, పొద్దున్న పది గంటలకి. పాడితే చాలు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు ఇంకో నాలుగు పేజీలు రాస్తావు.

అక్క

*

ఏప్రిల్ 21

అక్కా,

వస్తాను. నీ కోసం కాదు.

ఇంకొకటి. రికార్డు వెనక్కి పంపింది అమ్మ కాదు. నేను. ఆ రోజు అమ్మ కళ్ల ఆసుపత్రికి వెళ్లింది. పోస్టాయన పార్సిలు తెచ్చాడు. మూల చిరిగి మహారాణి బొమ్మ కనపడింది. ఆ మొహం మా ఇంట్లో ఉండటం నేను భరించలేకపోయాను. అమ్మ రాసినట్టే రాసి, అక్కడికక్కడే తిప్పి పంపాను. అమ్మకు చెప్పలేదు. పోయేదాకా, "పెద్దది ఇన్ని రికార్డులు చేసిందట, ఒక్కటైనా పంపలేదు" అంటూ ఉండేది.

నువ్వు రాసిన ఉత్తరం అందులో ఉందని నాకు తెలీదు. తెలిసినా విప్పేదాన్నో లేదో చెప్పలేను.

చెల్లి

*

మే 14

చెల్లీ,

నీ ఆఖరి ఉత్తరం అందిన రోజున కుర్చీలో కూర్చున్నదాన్ని సాయంత్రం దాకా లేవలేదు. అమ్మ నన్ను వద్దనుకుందని పదకొండేళ్లు ఆ ఇంటికి రాలేదు. అమ్మ పోయి, పండుకోబెట్టాక వచ్చాను. అమ్మ నా రికార్డు కోసం ఎదురు చూసిందన్నమాట. ఈ విషయంలో నిన్ను క్షమించను. బతికున్నంత కాలం క్షమించను. ఇది ఇక్కడ పెట్టి రెండో సంగతికి వస్తున్నాను, లేకపోతే కాగితం చించేస్తాను.

శుక్రవారం నువ్వు పాడుతున్నప్పుడు అద్దం వెనక నేను తలెత్తలేదని నీకు కోపం వచ్చి ఉంటుంది. నీ మొహం చూడలేక కాదు. నా కాలు వెతుక్కుంటోంది, తన్నడానికి నీ కుర్చీ ఏదని. ఆ ముగ్గురిలో పెద్దాయన, "మాటలు చాలా స్పష్టంగా ఉన్నాయమ్మా, కానీ ఇది ఆ గొంతు కాదు" అన్నప్పుడు నేను లోపలికొచ్చి ఏమన్నానో నువ్వు వినలేదు, అప్పటికే వెళ్లిపోయావు. "నీ చెవుల్లో దూది పెట్టి కుట్టారా" అన్నాను. పుస్తకాలాయనతో ఆ పుస్తకం నాకొద్దన్నాను. మళ్లీ వేసే రికార్డు మీద నీ పేరు లేకపోతే నా పేరు కూడా తీసెయ్యమన్నాను. తీసేస్తారట. వాళ్లకేం పోయింది.

ఆ ముగ్గురినీ ఆగస్టులో మళ్లీ కూర్చోబెట్టిస్తాను. నువ్వు మూడు నెలలు సెలవు పెట్టి ఇక్కడికి రా. ఇంతకన్నా మూలపడ్డ గొంతుల్ని లేపి నిలబెట్టాను, అది నా వృత్తి. పొద్దున్న గంట, సాయంత్రం గంట. నువ్వు నాతో మాట్లాడొద్దు, నేనూ మాట్లాడను. పాడు చాలు.

బస్సు ఏదో రాయి, మనిషిని పంపుతాను. కాదు, నేనే వస్తాను.

అక్క

*

మే 20

అక్కా,

రాను.

ఇది పంతం కాదు. పంతమైతే నీకు చెప్పి మరీ పట్టేదాన్ని. ఆ ముగ్గురిలో పెద్దాయన్ని తిట్టావని రాశావు. తిట్టకుండా ఉండాల్సింది. ఆయన చెవులు బాగానే ఉన్నాయి.

పాడటానికి ముందు తొమ్మిది రోజులు మా బస్టాండు స్టోరు గదిలో తలుపేసుకుని సాధన చేశాను. పాత బోర్డులు, విరిగిన కుర్చీలు, నేను. పాట మొత్తం గుర్తుంది. ఒక్క మాట మర్చిపోలేదు. కానీ నోరు తెరిస్తే వచ్చేది పాట కాదు. "వెలుతురు ఆరనీయకు, ఆరో నంబరు ప్లాట్‌ఫారం." అలా వస్తుంది. పైకి పంపిస్తే పోదు, కిందికి దింపితే దిగదు. సమంగా, తాళ్ల మీద ఆరేసినట్టు. ఆ ఊపిరి కోసం కూడా ఎదురుచూశాను, మాట మధ్యలో ఎక్కడైనా వస్తుందేమోనని. రాలేదు. నాకిప్పుడు దమ్ము సరిపోతోంది, ఎందుకంటే ఖర్చు పెట్టేదేమీ లేదు.

తొమ్మిదో రోజున నా కూతురు క్యారేజీ ఇవ్వడానికొచ్చి తలుపు తీసింది. "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంది. పాడుతున్నానక్కా నేను. మాట్లాడుతున్నానంది.

అయినా వచ్చాను. నువ్వు తలెత్తితే నేను పాడగలనేమోనని ఒక పిచ్చి ఆశ. ఎత్తలేదు. ఎత్తినా అంతే అయ్యుండేది, ఇప్పుడు నిన్ను ఆ మాట అనను.

మూడు నెలలు కాదు, మూడేళ్లు కుర్చీ తన్నినా లేవదు. నీ పేరు తీయించుకోకు, అది నాకేం పనికొస్తుంది? ఈ గొంతుని ఇలా సగం నువ్వు చేశావు, సగం నేను చేశాను. అమ్మ విషయంలో నువ్వు నన్ను క్షమించొద్దు. నా విషయంలో నేను నిన్ను క్షమించను. అది అలా ఉండనీ.

ఆ రోజు డ్రైవరు చేత "చెరిపేశారు" అని చెప్పించావే, అది అబద్ధమని రాశావు. అబద్ధం కాదక్కా. అప్పటికింకా జరగలేదు, అంతే.

నీ చెల్లెలు